వల తొడుగు మాడ్యూల్

2008 వేసవిలో మా కన్సల్టింగ్ కంపెనీ నన్ను విస్కాన్సిన్‌లోని ఒక చీజ్ ఫ్యాక్టరీకి పంపింది. హోదా సీనియర్ ప్రాసెస్ ఇంజనీరు. అంతవరకూ నేను పనిచేసిందంతా ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లలోనే. పాల సంగతి కాఫీలో కలుపుకునేంత వరకే తెలుసు.

చీజ్ తీశాక మిగిలే విరుగుడు నీటిని సన్నని పొరల గుండా వడకట్టి ప్రొటీన్‌ను పట్టుకోవడం అక్కడి పని. ఆ పొరను చాపలా చుట్టినదాన్నే మాడ్యూల్ అంటాం. దాన్ని స్టీలు గొట్టంలో దూర్చి వాడతారు. పని ముగిశాక రోజూ బాగా వేడి నీళ్లతో కడగాలి కాబట్టి వేడికి జిగురు ఊడని రకమే కావాలి.

వాటిని ఎంచింది ఆ ఫ్యాక్టరీ ఇంజనీరు ప్రసన్న. గుంటూరు అమ్మాయి, హెచ్‌వన్‌బీ వీసా మీద పనిచేస్తోంది. ఆమె ఎంచినవాటి మీద గట్టి తొడుగు లేదు, ప్లాస్టిక్ వల మాత్రమే. రంగునీళ్లు పంపి చూస్తే కొంత నీరు పొరలోకి వెళ్లకుండా పక్కనుంచే జారిపోయింది. ప్లాంట్ మేనేజరు మండిపడ్డాడు. సగం లైనులో ఫైబర్‌గ్లాస్ తొడుగు, నీరు పక్కనుంచి జారకుండా చుట్టూ రబ్బరు రింగు ఉన్నవి పెట్టించాడు. అవే నయమని తేలితే ప్రసన్న ఉద్యోగం పోతుంది, దాంతో వీసా కూడా. తేల్చాల్సింది నేను.

తీరా చూస్తే గట్టి తొడుగువి ప్రొటీన్ ఎక్కువ పట్టాయి గానీ, బ్యాక్టీరియా వాటి సరుకులోనే! పక్కనుంచి కారుతున్న వలవి మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఇదెక్కడి గోల! ల్యాబ్‌వాళ్లు సీసాలు తారుమారు చేశారేమోనని పరీక్ష మళ్లీ చేయించాను. అదే ఫలితం. వేడి చాలలేదేమోనని థర్మామీటర్లు మార్పించాను. రెండు వైపులా ఒకే వేడి. నేనెరిగినంతలో పక్కనుంచి పోయే నీరంటే నష్టమే. బుర్ర వేడెక్కింది గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ అమ్మాయి మొహం చూడాలంటేనే భయం వేసింది.

చివరికి ఆమెనే అడిగాను. "ఏమ్మా, నీకైనా అర్థమవుతోందా?"

"అది లీక్ కాదండీ. అలా పక్కనుంచి వెళ్లాలనే సెలెక్ట్ చేశాను. మీటింగ్‌లో చెప్తే ఎవరు వింటారు సార్? శాంపిల్స్ ఎప్పుడూ పైప్ చివర్లోనే తీస్తారు, లోపల ఏముందో ఎవరూ చూడరు. వాష్ అవగానే రెండూ ఓపెన్ చేయించండి, ప్లీజ్."

మర్నాడు మేనేజరు ఎదుటే విప్పించాను. గట్టి తొడుగుదాన్ని బయటికి లాగేసరికి అబ్బ, కుళ్లిన మజ్జిగ కంపు! తొడుగుకీ స్టీలుకీ మధ్య సందులో విరుగుడు నిలిచిపోయింది. రింగు అడ్డుపడి వేడి నీళ్లు అక్కడికి చేరనే లేదు. వలదాని చుట్టూ నీళ్లు పారుతూనే ఉంటాయి కనుక అక్కడ మురికి నిలవలేదు. మేనేజరు ముక్కు మూసుకుని, ఆ అమ్మాయి చెప్పినవే ఉంచమన్నాడు.

ప్రసన్న నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది. "టెక్సస్‌లో, ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ జాబ్‌కి రేపు ఇంటర్వ్యూ ఉందండీ. క్యాన్సిల్ చేసేయనా?"

"ముందు ఆ పని చేయమ్మా!" అన్నాను.

మాడ్యూల్ ఎంత వడకడుతుందని అడగడం నీటి ప్లాంటు పద్ధతి. తినే సరుకు దగ్గర ముందు అడగాల్సింది, కడిగే నీళ్లు దాని ప్రతి మూలకూ చేరతాయా అని. రిటైరయ్యేదాకా నేను ఆ వరుసలోనే అడిగాను.