జంపఖానా దిగేలోపు జవాబు

వెంకట్రాజానికి లోకంలో దేనిమీదా నమ్మకం లేదు, పక్కన కూర్చుని నేసే గట్టయ్య మీద తప్ప. ఆటో డ్రైవరు హన్మకొండ పోతుందని చెబితే, ఎక్కేముందు లోపల కూర్చున్నవాళ్లను కూడా ఒకసారి అడిగేవాడు. టీవీలో రేపు వాన అంటే డాబా ఎక్కి ఆకాశం చూసి వచ్చేవాడు. భార్య సుభాషిణి అన్నం ఉడికిందని చెప్పినా, మూత తీసి రెండు మెతుకులు నలిపి చూడనిదే కంచం ముందు కూర్చునేవాడు కాదు. "ఇంత అనుమానమోనివి నా మెడల తాళి ఎట్ల కట్టినవ్?" అని ఆమె అడిగితే, "బాజాల మోతల ఆలోచన చెయ్యనియ్యలే" అనేవాడు.

ఇలాంటి మనిషి దేవుణ్ణి ఊరికే వదులుతాడా? చిన్నప్పుడు జ్వరం వస్తే వాళ్లమ్మ మెడలో తాయెత్తు కట్టించింది. జ్వరం తగ్గకముందే దాన్ని విప్పి చూశాడు. లోపల చిటికెడు బూడిద ఉంది. "అమ్మా, గీ బూడిద మన పొయ్యిలనే ఉన్నది గద" అన్నాడు. వీపు మీద ఒకటి పడింది. తెల్లారేసరికి జ్వరం తగ్గింది. అది తాయెత్తుకు తగ్గిందా, మింగిన గోలీకి తగ్గిందా, దెబ్బకు తగ్గిందా అన్నది ఆయనకు ఈనాటికీ తేలలేదు. పెద్దయ్యాక మేడారం జాతరకు పోయి, అందరిలాగే తన ఎత్తు బెల్లం తూగి మొక్కు చెల్లించి, తిరుగు బస్సులో పక్క సీటు ముసలమ్మను "తల్లులు మనం చెప్పింది విన్నట్టేనా?" అని అడిగాడు. ఆమె ములుగు వచ్చేదాకా తిడుతూనే ఉంది.

దేవుడు లేడని చెప్పే సంఘం వాళ్లు ఒకసారి మైకు పట్టుకుని ఆయనుండే కొత్తవాడకు వచ్చారు. ఇన్నాళ్లకు వెంకట్రాజానికి తగిన చుట్టాలు దొరికారని వాడంతా సంబరపడింది. ఆయన మొదటి వరసలో కూర్చుని అంతా శ్రద్ధగా విని చేయి ఎత్తాడు. "లేడని మీకెట్ల ఎరుక? అంతట తిరిగి చూసొచ్చిన్రా?" అన్నాడు. వాళ్లు మళ్లీ రాలేదు.

వెటకారానికి అడుగుతాడని అందరూ అనుకునేవారు గానీ, నిజానికి ఆయనకు తెలుసుకోవాలనే ఉండేది. ఎవరూ సరిగ్గా చెప్పకపోయేసరికి లోపల దిగులు పేరుకునేది. అది బయటికి వచ్చేటప్పుడు వెటకారం వేషం వేసుకుని వచ్చేది, అంతే.

ఆ దిగులు తెలిసిన మనిషి గట్టయ్య ఒక్కడే. వెడల్పాటి జంపఖానా నేయాలంటే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఎడమ సగం ఒకరిది, కుడి సగం ఇంకొకరిది. ముప్పై ఏళ్లకు పైగా వెంకట్రాజం ఎడమ పక్క, గట్టయ్య కుడి పక్క. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. వెంకట్రాజం మాట్లాడతాడు, గట్టయ్య ఊ కొడతాడు. ఇద్దరి చేతుల్లో, పేకను దట్టించే దువ్వెనల్లాంటి ఇనుప పంజాలు టకటకా పడుతూ ఉంటాయి. ఆ కాపురం ఎంత సాఫీగా సాగిందంటే, సుభాషిణే కుళ్లుకునేది.

గట్టయ్య భార్య చిలుకమ్మకు జబ్బు చేసి దవాఖానలో ఉన్నప్పుడు, పక్క మంచం దగ్గరికి వచ్చే క్రైస్తవ బృందం ఒకటి ఈమె కోసం కూడా ప్రార్థన చేసేది. చిలుకమ్మ బతకలేదు. అయినా వాళ్లు రావడం మానలేదు. ఇంటికి వచ్చి గట్టయ్యతో పాటు ఊరికే కూర్చునేవారు, అన్నం తినిపించేవారు. దినవారాలు కాగానే గట్టయ్య మగ్గం మీదికి వచ్చి, కూనిరాగంలో ఏదో కొత్త పాట పాడాడు.

"ప్రార్థన చేసిన్రు గద, మరి చిలుకవ్వ ఎందుకు బతకలే?" అని వెంకట్రాజం అడిగాడు.

గట్టయ్య పంజా ఆగింది. "నాకేం ఎరుక బావా. కని నేను ఒక్కన్నే ఉన్నట్టు అనిపిస్తలే" అన్నాడు. మళ్లీ నేయడం మొదలుపెట్టాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కొన్నాళ్లకు గట్టయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ సంగతి వెంకట్రాజానికి ఓంప్రకాశ్ హోటల్లో టీ తాగుతుంటే ఎవరో చెప్పారు. ఆయనకు కడుపులో మండింది. మతం మారాడని కాదు. అంత పెద్ద మాట పక్కన కూర్చునే తనకు చెప్పలేదని. నిజానికి చెబితే ఎక్కడ ప్రశ్నలతో తినేస్తాడోనని గట్టయ్య భయపడ్డాడు. ఆ భయంలో తప్పేమీ లేదని వెంకట్రాజానికీ తెలుసు. అందుకే ఇంకా మండింది.

ఆ మంటలోంచే ఆయనకు తన జీవితంలోకెల్లా గొప్ప ప్రశ్న పుట్టింది. "ఎవడో పాపం చేస్తే, ఏ పాపం చెయ్యనోడు సిలువెక్కుడేంది? గిదేం న్యాయం?" దీన్ని హోటల్లో అందరి మీదా ప్రయోగించాడు. చివరికి గట్టయ్య పోయే మందిరం పాస్టరే ఒకరోజు టీకి వచ్చి దొరికిపోయాడు. కుర్రవాడు, మంచివాడు. న్యాయమూర్తి ఒకాయన తన కొడుక్కి శిక్ష వేసి, తానే కిందికి దిగి ఆ శిక్ష అనుభవించిన కథ చెప్పాడు.

"అయ్యగారూ, అసొంటి జడ్జిని ముందుగాల సస్పెండ్ చెయ్యాలె" అన్నాడు వెంకట్రాజం.

హోటల్ హోటలంతా నవ్వింది. ఓంప్రకాశ్ ఆ రోజు ఆయనకు టీ ఊరికే ఇచ్చాడు. పాస్టరు కూడా నవ్వేసి, పోతూ పోతూ ఆయనకూ గట్టయ్యకూ కలిపి ఒక పని అప్పగించాడు. మందిరంలో బండల మీద కూర్చోలేక ముసలివాళ్లు అవస్థ పడుతున్నారు, పెద్ద జంపఖానా ఒకటి కావాలి. మధ్యలో సిలువ వేస్తే దాని మీద కూర్చోవలసి వస్తుంది కాబట్టి అది వద్దు. రెండు పక్కల నుంచి నడిమికి వంగే ద్రాక్ష తీగ చాలు.

పడుగు ఎక్కించిన రోజునే వెంకట్రాజం తన పంతం బయటపెట్టాడు.

"బావా, గీ జంపఖానా మగ్గం దిగేదాంక నీకు టైమిస్తాన. నా సవాలుకు జవాబు చెప్పు. నాకు సమజైతె నేను గూడ నీ ఎంబడి మందిరానికి వస్త. చెప్పకపోతివా, గీ మగ్గం మీద నాకు గిదే ఆఖరు. ఘన్‌పూర్‌ల మా అల్లుని దుకాణంల కూసుంట."

గట్టయ్య ముఖం వాడిపోయింది. ఆయన పక్కన కూర్చోవడానికి ఇప్పుడు వాడలో ఎవరున్నారు? పిల్లలంతా వేరే పనులకు పోయారు. జోడీ లేకపోతే మగ్గం మూలపడుతుంది. చిలుకమ్మ పోయాక పొద్దంతా మాట్లాడే మనిషి కూడా ఈయన ఒక్కడే. మాట నోటి నుంచి జారగానే వెంకట్రాజానికీ ఎందుకన్నానా అనిపించింది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయన వంశంలో లేదు.

ఇక గట్టయ్య తిప్పలు చూడాలి. సాయంత్రం పాస్టరు దగ్గరికి పోయి జవాబు నేర్చుకోవడం, పొద్దున్నే వచ్చి అప్పజెప్పడం.

"అంటే బావా, గొర్రెపిల్ల ఉంటది..."

"ఉంటె?"

"ఉంటె... ఆ గొర్రెపిల్లను..."

"ఏం జేస్తరు?"

"మర్చిపోయిన. రేపు అడిగొస్త."

మరునాడు గొర్రెపిల్ల గుర్తుండేది, మిగతాది పోయేది. ఒకరోజు అంతా గుర్తున్నా, వెంకట్రాజం మధ్యలో అడ్డు ప్రశ్న వేసేసరికి మళ్లీ మొదటికి వచ్చింది. జంపఖానా మాత్రం ఆగదు కదా, పెరుగుతూనే ఉంది. గట్టయ్య తన మాట చేతకానితనమంతా చేతుల్లో తీర్చుకున్నాడేమో, ఆయన పక్క ద్రాక్ష గుత్తులు జన్మలో ఎన్నడూ రానంత అందంగా వచ్చాయి. చాయ్ తెచ్చిన సుభాషిణి చూసి, "అన్నా, కోసుకొని తినబుద్ది అయితాంది" అంది. ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. భార్య పోయాక అంత నిండుగా నవ్వడం అదే మొదలు.

ఆ రోజు మధ్యాహ్నం వెంకట్రాజం మంచి ఊపు మీద ఉన్నాడు. నా బదులు నువ్వు జైలుకు పోతానంటే పోలీసులు ఒప్పుకుంటారా, నా జ్వరానికి నువ్వు సూది వేయించుకుంటే తగ్గుతుందా అంటూ నోటితో వాదిస్తూ, చేత్తో నేసుకుంటూ పోయాడు. మంచినీళ్లకని లేచి, తాగుతూ నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. గొంతులో నీళ్లు అడ్డం పడ్డాయి. గట్టయ్య తీగ బుద్ధిగా నడిమికి వంగి ఉంది. తన తీగ బయటికి వంగి అంచు వైపు పారిపోతోంది. మూరెడు పైగా తప్పు నేశాడు.

తప్పు నేసినవాడికే ముందు కోపం వస్తుంది. వెంకట్రాజం నక్షా గీసినవాణ్ణి తిట్టాడు, దారానికి రంగు వేసినవాణ్ణి తిట్టాడు, వెలుతురు సరిగ్గా రాని కిటికీని కూడా వదల్లేదు. ఆయన తిట్లు ఇంకా అవ్వనేలేదు, గట్టయ్య పంజా పక్కన పెట్టి విప్పడం మొదలుపెట్టాడు. తన పక్కది. ఆ ద్రాక్ష గుత్తులే.

జంపఖానాలో రెండు సగాలు నడుమ పోగు పోగుకూ ముడిపడి ఉంటాయి. ఒక పక్క విప్పాలంటే రెండో పక్కా విప్పాలి. ఇది ఏ మగ్గం మీదైనా ఉన్నదే. దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు కూడా. కానీ ఆ మధ్యాహ్నం, సుభాషిణి మెచ్చుకున్న ఆ గుత్తులు గట్టయ్య వేళ్ల కింద వరస వరసా పోగులైపోతుంటే వెంకట్రాజానికి ప్రాణం చివుక్కుమంది.

"నీది మంచిగున్నది గద బావా" అన్నాడు.

"ఉంటె మాత్రం? నాది విప్పందె నీది విప్పరాదు గద."

"తప్పు నాది."

"అవు, నీదే."

"మరి నీకేం ఖర్మ?"

గట్టయ్య తలెత్తలేదు. ఊడివచ్చిన దారాన్ని ఉండ చుడుతూ, "పక్కపొంటి కూసున్న గద" అన్నాడు.

వెంకట్రాజం తన పక్క విప్పడానికి కూర్చున్నాడు. ఇన్నేళ్లలో తాను ఎన్నిసార్లు తప్పు నేశాడు! అమ్మ పోయిన ఏడాది చేతులే ఆడలేదు. బిడ్డ పెళ్లప్పుడు పరధ్యానం. సుభాషిణితో పోట్లాడి వచ్చిన రోజుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రతిసారీ ఈ మనిషి తాను చక్కగా నేసింది విప్పుకున్నాడు. అప్పుడెప్పుడూ తనకు ఇదేం న్యాయమని తోచలేదు. హాయిగా ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, మళ్లీ నేసి, పండుగకు కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు.

ఆ పూటంతా ఇద్దరూ విప్పారు. వెంకట్రాజం ఒక్క ప్రశ్నా వేయలేదు. ఇంటికి పోయి మూత తీసి చూడకుండానే అన్నం తిన్నాడు. సుభాషిణి హడలిపోయి నుదుటి మీద చేయి వేసి చూసింది.

"జరం లేదే?" అంది తనలో తాను.

అంతమాత్రాన ఆయన లొంగిపోయాడనుకుంటే పొరపాటు. ఆ మాటను చాలా రోజులు అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఎక్కడైనా చిల్లు దొరుకుతుందేమోనని వెతికాడు. దేవుడనేవాడు ఉంటే, ఎక్కడో పైన కూర్చుని నేత చూసి తప్పులు ఎంచే షావుకారులా ఉంటాడని ఇన్నాళ్లూ అనుకున్నాడు. దిగి వచ్చి మగ్గం మీద పక్కన కూర్చుని, మన తప్పుకు తనది విప్పుకునేవాడై ఉండవచ్చని ఎన్నడూ తట్టలేదు. తట్టాక ఆ తలపు పోలేదు. అనుమానాలు ఉన్నాయి, కానీ వాటి కింద ఎప్పుడూ ఉండే ఆ పాత దిగులు కోసం తడిమి చూసుకుంటే దొరకలేదు. అది ఆయనకు వింతగానూ, కొంచెం భయంగానూ ఉంది. అందుకే ఎవరికీ చెప్పలేదు.

పాపం గట్టయ్యకు ఇదేమీ తెలియదు. జంపఖానా మగ్గం దిగిన రోజున, అంచులు ముడులు వేసి ఇద్దరూ దాన్ని చుట్టారు. గట్టయ్య వెంకట్రాజం పంజాను తన తువ్వాలుతో శుభ్రంగా తుడిచాడు, కాగితంలో చుట్టి చేతికిచ్చాడు.

"జవాబు దొరకలే బావా. నాకంత తెలివి లేదు. నువ్వు ఘన్‌పూర్ పో. అప్పుడప్పుడు వచ్చి కండ్లబడు" అన్నాడు. అంటున్నంతలోనే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"జవాబు నువ్వు చెప్పి శాన రోజులాయె."

"నేనా? నేనేం చెప్పిన?"

"విప్పుకుంట చెప్పినవ్. పక్కపొంటి కూసున్న అన్నవ్ గద."

గట్టయ్యకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అయ్యాక ఆయనకు జన్మలో రానంత కోపం వచ్చింది. "మరి గప్పుడే చెప్తె నీ సొమ్మేం పాయె? నిద్ర లేక సస్తాన నేను!"

"నమ్మే ముందు జర చూసుకోవద్దా?" అన్నాడు వెంకట్రాజం. తర్వాత గొంతు తగ్గించి, "ప్రార్థన అంటె ఎట్ల జేస్తరు?" అని అడిగాడు.

"నా తోని మాట్లాడినట్టే మాట్లాడు."

ఖాళీ మగ్గం ముందు ఇద్దరూ ఎప్పటి చోట్లలోనే కూర్చున్నారు. వెంకట్రాజం కళ్లు మూసుకున్నాడు. "ప్రభువా, నేను వెంకట్రాజాన్ని, కొత్తవాడ" అని మొదలుపెట్టాడు. "నువ్వున్నవా లేవా అని శానమందిని సతాయించిన. ఇంకా జరజర అనుమానం వస్తనే ఉంటది, ఏమనుకోకు."

గట్టయ్య ఒక కన్ను తెరిచి చూశాడు.

"తప్పులు శాన నేసిన. జంపఖానలల్ల ఒక్కటే గాదు. చిలుకవ్వ పోయి గీ మనిషి ఏడుస్తాంటె, నేను పక్కన కూసొని సవాల్ అడిగిన. ఏడ్వనియ్యలే. గది ఎట్ల విప్పాల్నో నాకు తెల్వది. నువ్వు విప్పుతవని అంటాన్రు. నేను నమ్ముతాన."

కుడి చేయి చాచి గట్టయ్య మోకాలు పట్టుకున్నాడు. గట్టయ్య వెక్కుతూనే ఇద్దరి తరఫునా ఆమేన్ అన్నాడు.