నాలుగిళ్ళ పాతరవాళ్ళు

నిన్న సాయంత్రం వానలో తడిసి వచ్చిన మా మనవడు చొక్కా విప్పి కుర్చీ మీద పడేశాడు. తడి నూలుగుడ్డ వాసన గదంతా పట్టింది. "దండెం మీద వెయ్యిరా" అని కసిరాను. పాపం, వాడేం చేశాడు? ఆ వాసన నాకు, ఒంటిమీదే ఆరిన పంచెతో ఇల్లు చేరిన మా మామను గుర్తుకు తెస్తుంది. ఎనభై దాటిన నేను పోతే ఆయన్ని తలుచుకునే మనిషే ఉండడు. అందుకే రాస్తున్నాను.

యాభై మూడులో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు కోడలినై వచ్చాను. పదహారేళ్ళు. అత్త అప్పటికే లేదు. పాతర అనే ఇంటిపేరు అప్పుడే నాకు కొత్తగా తగిలింది. మామ ఆ ఇంటిపేరు వాళ్ళందరిలోకీ పెద్ద. మాట పొదుపు, కోపం ముక్కు మీదే. నేను కాపురానికి వచ్చిన వారానికి అరుగు మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు.

"మన పూర్వీకుల కాలంలో ఊరి మీద దోపిడీ దండు పడినాది నాగమ్మా. ఒక తల్లి బిడ్డల్ని భూమిలో తవ్విన ఖాళీ జొన్నపాతర్లోకి దించి పైన బండ మూసినాది. తెల్లారి బండ తీస్తే నలుగురు మగపిల్లోళ్ళు ఎక్కి వచ్చినారు. ఆ పొద్దు నుంచి మనం పాతరోళ్ళం. పెద్దోడు ఆళ్లగడ్డలో నిలబడె. తక్కినోళ్ళు బేతంచెర్ల, జూపాడు బంగ్లా, ఆత్మకూరు పోయిరి. యాడ ఎవరు పోయినా కబురు రావల్ల, నాలుగిళ్ళూ మునగల్ల. ఇంటిపేరంటే అదే."

మునగడమంటే కట్టుబట్టలతో తలస్నానం చేయడం. ఆ తర్వాత పది రోజులు మైల. ఏ ఇంట్లో ఎవరున్నారో రాసుకుంటానంటే కసురుకున్నాడు. "చచ్చేటోళ్ళ పట్టీ ఇంట్లో పెట్టుకుంటారా ఎవరన్నా? నోటికి పట్టు." నేను మజ్జిగ చిలుకుతుంటే పక్కన నిలబడి బడిపంతులులా అప్పజెప్పించుకునేవాడు. ఎవరైనా పోతే కార్డు రాసేదాన్ని నేనే. అక్కడి నుంచి కార్డు వస్తే వాకిట్లోనే చదివి, చింపి, బావి దగ్గరికి పోయేవాళ్ళం.

ఒక చలికాలం జూపాడు నుంచి ఎవరో ముసలాయన పోయినట్టు కార్డు వచ్చింది. బావి దగ్గర వణుకుతూ గొణిగాను. "ఆయప్ప మొగమన్నా చూడలేదు నేను."

"చూసినోళ్ళ కోసం ఎట్లాగూ ఏడుస్తావు. చూడనోళ్ళ కోసం మునుగు" అన్నాడు మామ, నా తల మీద ఇంకో చేద కుమ్మరిస్తూ.

మూడేళ్ళకు పుట్టింట్లో, నంద్యాలలో, నాకు ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు పేరు పెట్టాలనుకున్నాం. తొమ్మిదో రోజు పొద్దున పాలు తాగలేదు. మధ్యాహ్నానికల్లా మా నాయన గుడ్డలో చుట్టి తీసుకుపోయి కుందేటి ఒడ్డున పూడ్చిపెట్టి వచ్చాడు. పండ్లు రాని బిడ్డకు మైల లేదట. ఎవరూ మునగలేదు. కార్డు రాయలేదు. మా అమ్మ ఎప్పటిలాగే పొయ్యి వెలిగించింది. మా ఆయన వచ్చి ఒక పూట ఉండి వెళ్ళిపోయాడు. ఆ బిడ్డ పుట్టనే లేదన్నట్టు అందరూ అన్నాలు తిన్నారు.

నెల తర్వాత ఆళ్లగడ్డకు వచ్చాను. రెండో రోజే మామ ముందు నిలబడ్డాను.

"మామా, మూడు కార్డులు తెప్పించు. రాయల్ల."

"ఎవరు పోయినారు?"

"నా బిడ్డ."

"పేరన్నా పెట్టకపోతిమే. ఏమని రాస్తావమ్మా?"

"ఇంటిపేరు రాస్తా. దానికి ఉండింది అదొక్కటే గదా."

కోప్పడతాడనుకున్నాను. ఆయన తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "పాతర్లోకి దిగింది నలుగురు కాదు నాగమ్మా, ఐదుగురు. చంకబిడ్డ ఒకతి ఉండె. ఏడిస్తే దండుకు తెలుస్తాదని పెద్దోడు నోరు మూసి పట్టుకున్యాడు. తెల్లారి బండ తీస్తే ఆ బిడ్డకు ఊపిరి లేదు. పెద్దోడంటే మనింటోడే. మా అవ్వ చెప్పినాది నాకు. ఆడోళ్ళందరికీ తెలుసు. మగోళ్ళం నలుగురనే చెప్పుకుంటాండాం."

మర్నాడు ఆయన కార్డులు తేలేదు. తానే బస్సెక్కి పోయాడు. నాలుగో రోజు తిరిగొచ్చాడు. పంచె ముడతలు పడి, ముక్కిన వాసన కొడుతోంది. ప్రతి ఊళ్ళో బావి దగ్గర వాళ్ళ కళ్ళముందే తాను మునిగాడట. మార్చుకోను ఇంకో పంచె తీసుకుపోలేదు. బేతంచెర్లలో నవ్వారు. జూపాడులో మామకు మతి పోయిందని అన్నం పెట్టి పంపారు. ఆత్మకూరులో పెళ్ళిపందిరి వేసి ఉంది. "పెండ్లింటికి చావు కబురు తెస్తివా? అదీ తొమ్మిది దినాల ఆడబిడ్డకు! ఇంక మా గడప తొక్కొద్దప్పా" అన్నారట.

"మునగలేదు నాగమ్మా. ఒక్కడన్నా మునగలేదు" అని అరుగు మీద కూలబడ్డాడు.

ఆ తర్వాత ఏ ఊరి నుంచీ కార్డు రాలేదు. నాలుగేళ్ళు. మూడిళ్ళలో ఎవరూ చావకుండా ఉంటారా? టపా మనిషి మా వాకిలి దాటిపోయిన ప్రతిసారీ మామ చూపు వీధి మలుపు దాకా అతని వెంట పోయేది. నాతో ఊళ్ళు అప్పజెప్పించుకోవడం మానేశాడు. అరవైలో, ఎండాకాలంలో, మంచాన పడ్డాడు. "కార్డులు రాయొద్దులే. రారు" అన్నాడు. ఆయన పోయిన పూటే రాశాను. ఎవరూ రాలేదు. పాడె పట్టడానికి ఇంటిపేరు వాళ్ళలో మా ఆయన ఒక్కడే. తక్కిన ముగ్గురూ వీధిలోవాళ్ళు. పదో రోజు దాకా వాకిలి వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆయన జీవితమంతా కూడగట్టిన మనుషుల్ని నా ఒక్క మాటతో పోగొట్టాను. పోనీ, నా బిడ్డనన్నా ఎవరన్నా లెక్కలోకి తీసుకున్నారా అంటే అదీ లేదు. ఆ రోజు నోరు మూసుకుని ఉండాల్సిందా అని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. మూసుకోవాల్సిందని ఏనాడూ అనిపించలేదు. అలా అనిపించనందుకు కూడా ఏడుపు వస్తుంది.

మొన్న మనవడు ఎక్కడో పాతరవాళ్ళ దుకాణం చూశాడట. "మనవాళ్ళేమో అవ్వా" అన్నాడు. వాళ్ళింట్లో ఎవరన్నా పోతే వీడికి తెలియదు, తెలిసినా మునగడు. నేను పోతే ఎవరికి కబురు చెప్పాలో కూడా వీడికి తెలియదు. నేను మాత్రం రోజూ స్నానం చేస్తూ, మామ పక్కన నిలబడ్డట్టే, అప్పజెబుతాను. ఆళ్లగడ్డ, బేతంచెర్ల, జూపాడు బంగ్లా, ఆత్మకూరు. ఆఖరి చెంబు కట్టుకున్న కోకతోనే తల మీద పోసుకుని ఐదోది చెబుతాను. కుందేటి ఒడ్డు. అక్కడుండేది ఒక్కతే, పాతర.