ఎడమవైపు జేబు

ఉదయం పదీ ఇరవైకి, స్టాపులో బోర్డు చూపించిన నిమిషానికే, ట్రామ్ వచ్చింది. లిస్బన్‌లో అది మా మూడో రోజు. అక్క, బావ ముందు ఎక్కారు. నేను వెనక ఎక్కి, పైన వేలాడుతున్న తోలుపట్టీ పట్టుకొని నిలబడ్డాను.

ఆ ప్రయాణం నా భార్య ఉన్నప్పుడు అనుకున్నది. ఆమె పోయాక నేను వద్దన్నాను. "ఆమె చూద్దామనుకున్నది. నువ్వన్న చూసి రా" అని అక్క పట్టుబట్టింది. ఆమె పోయిన తిథికి నెలనెలా మాసికం నేనే పెడుతున్నాను. మాకు పిల్లలు లేరు. వచ్చే తిథి లోపల సికింద్రాబాద్ చేరతామని చూసుకున్నాకే ఒప్పుకున్నాను.

మెట్టుగూడలో బస్సెక్కిన ప్రతిసారీ ఆమె నా పర్సు గురించి "ఉందా?" అని అడిగేది. నేను ఛాతీకి ఎడమవైపు తట్టుకొని "ఉంది" అనేవాణ్ని. రెజిమెంటల్ బజార్ దర్జీ చేత నా బనియన్లన్నిటికీ లోపలివైపు జేబు కుట్టించింది. "మీ మీద నమ్మకమున్నది గని, మీ షర్టు జేబు మీద లేదు" అనేది. ఆమె పోయాక కూడా బస్సు కదలగానే నా చేయి అక్కడికే పోయేది, ఎవరూ అడగకపోయినా.

లిస్బన్‌లో చలి. స్వెటర్ కింద బనియన్ జేబు అందదని పాస్‌పోర్టును కోటు లోపలి జేబులోకి మార్చాను. అదీ ఎడమవైపే. జేబుదొంగలున్నారు, జాగ్రత్త అని ట్రామ్‌లో రికార్డు చేసిన గొంతు ఇంగ్లీషులో చెప్పింది. తట్టుకున్నాను. ఉంది. ఎత్తు మీద మలుపు తిరిగినప్పుడు మళ్లీ తట్టుకున్నాను. తర్వాత ఎక్కినవాళ్లలో ఒకతను, చేతి మీద కోటు వేసుకున్నవాడు, నా ఎదురుగా నిలబడ్డాడు. బ్రేకు పడినప్పుడు నా మీదికి తూలి, భుజం పట్టుకుని ఏదో అన్నాడు. క్షమించమన్నాడనుకున్నాను. తల ఊపాను. వచ్చిన స్టాపులో దిగిపోయాడు.

తలుపులు మూసుకున్నాక అక్క జనంలోంచి తల తిప్పి, "ఉందారా?" అంది.

ఆ మాట ఇంకొకరి నోట వినడం అదే మొదలు. తట్టుకున్నాను. అరచేతికి కోటు తగిలింది, దాని కింద నేను తగిలాను. మధ్యలో ఏమీ లేదు.

అరవాలనుకున్నాను, ఏ భాషలో అరవాలో తెలియలేదు. కుడి జేబు చూశాను, ప్యాంటు జేబులు చూశాను, స్వెటర్ ఎత్తి బనియన్ జేబు కూడా చూశాను. అందరి మొహాలూ అతని మొహంలాగే కనిపించాయి. నేనెవరో చెప్పే కాగితం లేక ఇక్కడే ఆగిపోతానని, ఆ తిథి నేను లేకుండానే దాటిపోతుందని భయం.

"లేదక్కా" అన్నాను.

పోలీస్ స్టేషన్‌లో ఒకామె, పాస్‌పోర్టు ఎక్కడుండేదో చూపించమంది. తట్టి చూపించాను. ట్రామ్‌లో కూడా ఇలాగే చేశారా అని అడిగింది. అవునన్నాను. ఆమె అది టైపు చేసుకుంది.

బయటికొచ్చాక బావ మెల్లగా అన్నాడు: "వాడు ఎక్కడున్నదని దేవులాడలేదు, బామ్మర్దీ. నువ్వే చూపెట్టినవ్."

ఆ రోజు శుక్రవారం. పోలీసుల కాగితం చేతికి వచ్చేసరికి ఎంబసీ మూసేశారు. సోమవారం దాకా నేను హోటల్ గది దాటలేదు. తలుపు బయట అడుగుల చప్పుడైతే, కాగితం లేనివాణ్నని నా కోసమే వస్తున్నారనిపించేది. అక్క రొట్టె తెచ్చి పెడితే రెండు ముక్కలు తిని పక్కన పెట్టేవాణ్ని. మా విమానం వెళ్లిపోయింది. అక్క, బావ నాతో ఆగిపోయారు.

ఎంబసీలో, ఇంటికి తిరిగి రావడానికి మాత్రమే పనికొచ్చే కాగితం ఇచ్చారు. అది దొరికాక కూడా భయం తగ్గలేదు. దారి పొడుగునా దాన్ని రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాను. ఏ జేబులోనూ పెట్టలేదు.

మాసికం నాటి పొద్దున మెట్టుగూడలో మా ఇంటికి చేరాం. పురోహితుడు అప్పటికే వచ్చి గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నాడు. స్నానం చేసి వచ్చి పీట మీద కూర్చున్నాను. తొందరేం లేదంటూ ఆయన దర్భ నా చేతికిచ్చాడు.

ఇప్పుడు బస్సెక్కితే రెండు చేతులతో పైన కడ్డీ పట్టుకుంటాను. పక్కనున్నా అక్క ఏమీ అడగదు. నేను జేబు తట్టుకోను.