కోచ్ లెక్కలోకి రాని బంతులు

మా అమ్మాయి బేస్‌బాల్ ఆడేది. అప్పుడు దానికి పదమూడేళ్ళు. ఐర్లండ్‌లో మేముండే లిమరిక్ ఊళ్ళో మన తెలుగువాళ్ళకి ఈ మాట చెబితే ముందు నవ్వేవారు. "ఈ వానల దేశంలో బేస్‌బాల్ ఏంటండీ డాక్టరుగారూ, పిల్లని చక్కగా క్రికెట్‌లో పెట్టక!" అనేవారు. ఆ ఆటలో బ్యాటు పట్టినవాళ్ళకి బంతి విసిరే మనిషిని పిచర్ అంటారు. మన బౌలరు చేసే పనే, కాకపోతే మోచెయ్యి వంచి, ఒంట్లో ఉన్న బలమంతా అందులోకి తెచ్చి విసరాలి. జట్టులో ఆ పని అందరికంటే బాగా వచ్చింది మా పిల్లకే. నాకు కళ్ళు నెత్తికెక్కాయి. ఉన్నమాట చెప్పుకోవాలిగా.

ఆ వయసులో మోచేతి ఎముకలు ఇంకా పూర్తిగా అతుక్కోవు. అందుకని ఒక్కొక్కరూ రోజుకి ఇన్ని బంతులే విసరాలని నియమం ఉంది. వాళ్ళ కోచ్ ఒక ఐరిష్ బడిపంతులు. విసిరిన ప్రతి బంతికీ చిన్న నోటుబుక్కులో ఒక గీత గీసేవాడు. ఆట మొదలయ్యే ముందు తల్లిదండ్రుల్ని ఒక్కొక్కరినీ అడిగేవాడు, ఈరోజు పిల్ల ఇంకెక్కడైనా విసిరిందా అని. మన మాట మీదే నడిచే లెక్క అది.

లీగ్ ఫైనల్ డబ్లిన్‌లో, ఆదివారం మధ్యాహ్నం రెండింటికి. గెలిచినవాళ్ళదే కప్పు. ముందురోజు అన్నాల దగ్గర మా ఆవిడ అంది: "ఏమండీ, రెండు రోజుల్నించి ఇది ఎడంచేత్తో చెంచా పట్టుకుని తింటోంది చూశారా? కుడిచెయ్యి ఎత్తట్లేదు. క్లినిక్‌లో జీపీ డాక్టరుకి చూపిద్దాం."

"ఇంట్లో డాక్టరుండగా జీపీ ఎందుకే? పెరిగే వయసు, నొప్పులు ఉంటాయి" అన్నాను. నేను ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చే డాక్టర్ని. మోచేతిని రెండుసార్లు నొక్కి చూసి, నొప్పి మాత్ర చేతిలో పెట్టాను. పరాయివాళ్ళ పిల్లయితే ఎక్స్‌రే తీయించకుండా కదలనిచ్చేవాణ్ణి కాదు. నా బుద్ధి గడ్డి తింది.

అంతలో ఫోను. మన తెలుగు సంఘం పెద్దాయన. పిల్లలకే కాదు, మాకూ ఆయన అంకులే. "రేపు పొద్దున మన క్రికెట్ మ్యాచ్ ఉంది కదా డాక్టరుగారూ. మీ అమ్మాయి లేకపోతే మనకి బౌలింగే లేదు. పదకొండింటికల్లా వదిలేస్తాను, నాదీ పూచీ."

మేము ఈ దేశంలో దిగినప్పుడు అద్దెకి ఇల్లు దొరక్క మూడు వారాలు ఆయన ఇంట్లోనే తిన్నాం, పడుకున్నాం. ఆయనకి కాదని ఎలా చెప్పడం? "తప్పకుండా అంకుల్" అన్నాను. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

పొద్దున అది నాలుగు ఓవర్లు వేసింది. అంతటితో ఆగినా బాగుండేది. బౌండరీ దగ్గర ఫీల్డింగ్‌కి నిలబెట్టారు. అక్కణ్ణించి అది విసిరే బంతి నేరుగా కీపరు చేతుల్లో పడుతుంటే జనం "ఆహా!" అంటూ చప్పట్లు కొట్టారు. నేనే అందరికంటే గట్టిగా కొట్టాను.

ఆరోజే డబ్లిన్‌లో హర్లింగ్ ఫైనల్ కూడా. కర్రలతో బంతిని కొట్టే ఇక్కడివాళ్ళ ఆట అది, అందులోనూ మా జిల్లా జట్టు ఆడుతోంది. డబ్లిన్ దారంతా పచ్చ జెండాలు కట్టిన కార్లు, హారన్లు. వెనక సీట్లో పిల్ల మోచేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"అయామ్ గ్రాండ్, నాన్నా."

గ్రాండ్ అంటే బాగానే ఉన్నానని. ఇక్కడి పిల్లలకి చెయ్యి తెగినా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఇంకో మాత్ర ఇచ్చాను.

గ్రౌండులో కోచ్ నోటుబుక్కు పట్టుకుని వచ్చాడు. "పొద్దున ఏమైనా విసిరిందా?" అని అడిగాడు. "లేదు. రెస్ట్ తీసుకుంది" అన్నాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. క్రికెట్ సంగతి చెబితే సగం ఆటకే తీసేస్తాడని నా భయం. పిల్ల పక్కనే ఉంది. నా మొహంకేసి చూసి, గ్లవ్ తొడుక్కుని వెళ్ళిపోయింది.

ఆఖరి ఇన్నింగ్స్‌కి మావాళ్ళు ఒక్క పరుగు ముందున్నారు. ఇంకొక్కరు అవుటయితే కప్పు మాదే. మా పక్కన ఎవరిదో ఫోన్‌లో హర్లింగ్ కామెంటరీ అరుస్తోంది. పిల్ల బంతి విసిరింది. అవతలి కుర్రాడు మూడోసారీ బ్యాటు ఊపాడు, తగల్లేదు. ఆ ఆటలో మూడుసార్లు తప్పితే అవుటే. అయిపోయింది, గెలిచాం! జట్టంతా పరిగెత్తుకుంటూ వెళ్ళి మా పిల్ల మీద పడి కుప్పగా పేరుకుంది. ఆ కుప్ప అడుగునించి అది అరుస్తోంది. నేను వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాను.

"అది సంతోషం కాదండీ, ఏడుస్తోంది!" అంటూ మా ఆవిడ పరిగెత్తింది.

ఒక్కొక్కరినీ పక్కకి లాగితే కింద అది, చేతిని పొట్టకి అదుముకుని, పాలిపోయి ఉంది. చివరి బంతి విసరగానే చేతిలో ఏదో ఫట్‌మందట. ఆ తర్వాత అంతమంది బరువు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే చూశాక నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మోచేతి లోపలి వైపు ఎముక ముక్క ఊడి పక్కకి జరిగిపోయింది. ఆపరేషన్ చేసి స్క్రూ బిగించాలి. ఇక పిచింగ్ మాట మర్చిపోవాలని ఎముకల డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. 

"ఎన్నాళ్ళ నుంచి నొప్పి? ఎవరికైనా చెప్పావా?" అని డాక్టరమ్మ అడిగింది.

"నో. నోబడీ. నాన్నకి కూడా చెప్పలేదు" అంది పిల్ల.

డాక్టరమ్మ రాసుకుంది. నేను మంచం పక్కనే నిలబడి దుప్పటి సర్దాను. మా ఆవిడ తల వంచుకుని బయటికి వెళ్ళిపోయింది.

వరండాలో కోచ్ నా దారికి అడ్డం వచ్చాడు. చేతిలో అదే నోటుబుక్కు. "ప్రతి బంతీ లెక్కపెట్టాను. హద్దులోపలే ఉంది. ఎక్కడ పొరబాటు పడ్డానో తెలియడం లేదు. నన్ను క్షమించండి" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. "మీ తప్పేం లేదు" అన్నాను. మిగతా సగం చెప్పలేదు. నా అంత పిరికివాణ్ణి నేనెక్కడా చూడలేదు.

లోపలికి వెళ్ళేసరికి డాక్టరమ్మ లేదు. పిల్ల ఎడమచేత్తో నా చొక్కా అంచు పట్టుకుని దగ్గరికి లాగింది.

"డోంట్ వర్రీ, నాన్నా. ఐ వోంట్ టెల్ దెమ్" అని గుసగుసగా అంది.

నేను దాని తల నిమిరి, "థాంక్స్ రా తల్లీ" అన్నాను.