మావయ్య అందరి ముందూ చెప్పిన మాట

సబ్బవరంలో కడుతున్న మా ఇంటి గోడలకు నీళ్లు కొడుతుంటే తడిసిన సిమెంటు వాసన గుప్పుమంది. ఆ వాసనకు నాకు సింహాచలం మావయ్యే గుర్తొస్తాడు. చుట్టరికం ఏమీ లేదు. వాళ్లు రైతు కులం వాళ్లు, మేము దళిత క్రైస్తవులం. ఆయనా, మా నాన్న దానియేలూ విశాఖ పోర్టులో ఒకే క్రేను మీద పనిచేశారు, ఒకే జీతం. మల్కాపురంలో పక్కపక్క వాటాల్లో అద్దెకుండేవాళ్లం. ఏ కూర వండినా గిన్నె అటూ ఇటూ తిరగాల్సిందే.

తర్వాత మావయ్య కొత్త లేఅవుట్‌లో స్థలం కొని ఇల్లు కట్టాడు. దాని మీద అప్పు తెచ్చి కొడుకుని ఇంజనీరింగు చదివించాడు, కింద వాటా అద్దెకిచ్చాడు. మేము అద్దె కడుతూనే ఉన్నాం. ట్యూషన్లు చెప్పుకుంటూ నేను డిగ్రీ గట్టెక్కాను. "మీ నాన్నకి ముందుచూపు లేదే" అని అమ్మ పొద్దస్తమానం సణిగేది. నాన్న నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

మావయ్య మేడ మీద గది వేసి భోజనాలు పెట్టిన రోజు, వాళ్ల బంధువొకాయన నాన్నని ఆటపట్టించాడు. "ఏటి దానియేలూ, ఇద్దరిదీ ఒకటే జీతం కదా, నువ్వేటి సేసినావ్?"

నాన్న తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు. వెనక వరసలో అమ్మా నేనూ వింటూనే ఉన్నాం. వడ్డిస్తున్న మావయ్య గరిటె పక్కన పెట్టేశాడు.

"ఆడినేటీ అనకండి. స్థలానికి ఇద్దరం కలిసే ఎల్లినాం, ఇద్దరి దగ్గరా అడ్వాన్సు ఉంది. ఓనరు ఈడి పేరడిగినాడు, పేట అడిగినాడు. ఆ పేటోళ్లకి అమ్మితే మిగతా ప్లాట్లు ఎవులూ కొనరన్నాడు. నాను మాత్రం నోర్మూసుకుని రిజిస్ట్రేషన్ సేయించీసుకున్నాను. ఈ మేడ అలాగొచ్చింది."

"ఇప్పుడెందుకు బావా! పిల్లకి తెలిస్తే సిన్నబోద్ది" అన్నాడు నాన్న.

"పిల్లకే తెలవాల."

తన ఇంటి గొప్పని తన బంధువుల ముందే తగ్గించుకున్నాడాయన, ఎవరూ అడగకుండానే. మాకు స్థలం రాలేదు గానీ, నాకు నాన్న మీద గౌరవం తిరిగొచ్చింది. అందుకు మావయ్యకి నేను బతికినంతకాలం దణ్ణం పెట్టుకుంటాను. ముందుచూపు లేదన్న మాట అమ్మ మళ్లీ అనలేదు.

ఇప్పుడు నాన్నా మావయ్యా ఇద్దరూ లేరు. మొన్న మా అబ్బాయి అడిగాడు, "తాతయ్య పోర్టులో ఉద్యోగం చేశాడు కదమ్మా, ఒక్క ఇల్లయినా ఎందుకు కట్టలేదు?" చిన్నవాడు కదా, తర్వాత చెబుదాంలే అనిపించింది. కానీ చెప్పేశాను.

"డబ్బు పట్టుకునే వెళ్లాడురా. మన కులం చూసి స్థలం ఇవ్వనన్నారు."

"నీకెవరు చెప్పారు?"

"పక్కన నిలబడి చూసినాయనే చెప్పాడు."