ఏడు రాళ్ల పరీక్ష

ప్రపంచంలోని కంటి డాక్టర్లందరి చదువునూ మూటగట్టి తక్కెడలో ఒకవైపు వేసి, రెండోవైపు మా నాయనమ్మ లక్ష్మీబాయి చాటను పెడితే ముల్లు చాటవైపే మొగ్గుతుంది. ఎవరిని ముందు తీసుకుపోవాలో తేలని రోజున యముడు కూడా సలహా కోసం సిద్దిపేటలో మా కిరాణా దుకాణానికే వస్తాడు. ఆమె అతణ్ని వరసలో కూర్చోబెట్టి, నీ కన్ను ఎట్లుందో ముందు చూద్దాం, చాట పట్టు అంటుంది. ఊరికే గొప్పలు చెప్పడం లేదు. జరిగింది చెబుతాను, మీరే ఒప్పుకుంటారు.

నాయనమ్మ చదివింది మూడో తరగతి. నేను ఇంటర్ రెండుసార్లు తప్పి దుకాణంలో కూర్చున్నదాన్ని. ఇద్దరి చదువూ కలిపినా గోడకు తగిలించుకునేంత కాగితం రాదు. ఆమె కొండపాక నుంచి పదహారేళ్లకు రామేశ్వర్ తాతను చేసుకుని వచ్చింది. తాత ముందువైపు గల్లాపెట్టె దగ్గర కూర్చుని పేపరు చదివేవాడు. ఆమె వెనక గదిలో బియ్యం చూసేది.

ఆ రోజుల్లో బియ్యంలో రాళ్లుండేవి. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. బస్తా విప్పితే బియ్యంతోపాటు మట్టిగడ్డలు, వడ్లు, నల్లరాళ్లు వచ్చేవి. వాటిని చెరిగి, ఏరడానికి చిన్నకోడూరు నుంచి అంజవ్వ వచ్చేది. పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోయేది. ముప్పై ఏళ్లు వచ్చింది. ఆమె చాట ఎగరేస్తుంటే వచ్చే చప్పుడు నాకు జోలపాట. నన్ను ఖాళీ గోనెసంచి మీద పడుకోబెట్టేవారట. ఏరిన రాయిని అంజవ్వ చూడకుండానే పక్కకు విసిరేది, అది పోయి కొబ్బరిచిప్పలో పడి టక్కుమనేది. ఆ టక్కుటక్కులు లెక్కపెట్టే నేను అంకెలు నేర్చుకున్నాను. మరి ఇంటర్‌లో లెక్కలెందుకు తప్పానంటే, అక్కడ చిప్ప లేదు.

తర్వాత మిషన్‌లో శుభ్రం చేసిన బియ్యం సంచులు వచ్చాయి. రాళ్లు పోయాయి. వాటితోపాటు అంజవ్వ కూడా రావడం మానేసింది. చాట గోడకెక్కింది. చిప్ప మాత్రం చివరి రోజు ఏరిన రాళ్లతో అలాగే అరుగు కింద ఉండిపోయింది.

ఇక బస్సు సంగతి. ఏటా చలికాలంలో పట్నం నుంచి ఒక ధర్మ దవాఖాన వాళ్ల బస్సు వచ్చేది. కంట్లో మోతిబిందు, అదే శుక్లం, ఉన్నవాళ్లను తీసుకుపోయి, ఆపరేషన్ చేసి, వారానికి మళ్లీ దింపేది. సీట్లు ఇరవై. వచ్చేవాళ్లు నూటయాభై, రెండువందలు. బస్సులో డ్రైవరు, ఒక నర్సు తప్ప డాక్టరు ఉండడు. ఎవరిని ఎక్కించాలన్నది మా షావుకార్ల సంఘం పని. ఆ సంఘానికి పెద్ద, బట్టల దుకాణం నడిపే సుధాకర్ తాత. ఆయన పద్ధతి ఒకటే: ముందు వచ్చినవాళ్లకు ముందు. లైనులో మొదటి ఇరవై మందిని ఎక్కించి, మిగిలిన వాళ్లకు ఉప్మా పెట్టి పంపేవాడు. ఆ ఉప్మా వడ్డించేది నాయనమ్మ.

సిద్దిపేట జిల్లా అయిన మరుసటి ఏడు అనుకుంటా, వడ్డించి వచ్చి నేరుగా సుధాకర్ తాత దుకాణానికి పోయింది. నేనూ వెంట పోయాను, గొడవలంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం.

"సుధాకర్, పొద్దుగాల నాలుగింటికి లేచి, బస్సు బోర్డు సదువుకోని, ఒక్కడే వచ్చి లైన్ల ముందు నిలబడ్డోనికి కండ్లు కనబడతలేవంటవా?"

"వదినె, ముందొచ్చినోళ్లకు ముందు. ఇండ్ల అన్యాయమేముంది?"

"నిజంగ కనబడనోడు ఎవలన్న తోల్కొస్తె వచ్చేది. వాడెప్పుడూ ఎనకనే ఉంటడు. ఎనకోనికి నువ్వు ఉప్మ పెడుతున్నవు."

సుధాకర్ తాత నవ్వి, చీరలు మడత పెట్టుకున్నాడు. నాయనమ్మ నవ్వలేదు. పోయినేడు బస్సెక్కిన ఇరవై మంది ఇళ్లకూ తిరిగింది. నా స్కూటీ వెనక కూర్చుని, నేను గుంత తప్పించకపోతే వీపు మీద ఒకటి వేస్తూ, నంగునూరు దాకా పోయింది. అందరినీ ఒకటే అడిగింది: ఆపరేషన్‌కు ముందు ఏ పని చేయలేకపోయేవారు? ఇరవైలో పదకొండు మంది, అన్ని పనులూ చేసుకునేవాళ్లం అన్నారు. తర్వాత ఉప్మా తిని వెనక్కి పోయినవాళ్లను వెతికింది. వాళ్లలో ముగ్గురు ఆ ఏడాదిలోనే పడి కాళ్లు విరగ్గొట్టుకున్నారు. ఇదంతా పాత క్యాలెండరు వెనక పెన్సిలుతో గీతలు గీసి సుధాకర్ తాత ముందు పరిచింది. ఆయన చాలాసేపు ఆ గీతలు చూశాడు.

"అయితె నువ్వే చెప్పు వదినె. ఎట్ల చేద్దాం?"

నాయనమ్మ గోడ మీది చాట దించింది.

పరీక్ష ఇది. చాటలో గిద్దెడు బియ్యం, అందులో ఏడు నల్లరాళ్లు. నేను నూరు లెక్కపెట్టేలోపు ఎన్ని ఏరితే అన్ని. తక్కువ ఏరినవాళ్లకు ముందు సీటు. మా దుకాణం మొత్తం గాలించినా బియ్యంలో ఒక్క రాయి దొరకలేదు. చివరికి అంజవ్వ కొబ్బరిచిప్పే దిక్కయింది.

మళ్లీ ఏడాది బస్సుకు నెల ముందు నుంచి ఆదివారం ఆదివారం పరీక్ష నడిచింది. అబ్బో, ఎంత తమాషానో! ఎల్లన్న అని ఒకాయన, నూరు దాటినా ఒక్క రాయి తీయలేదు. నాయనమ్మ పాపం పాపం అంటూనే, ఆయన చొక్కా చేతి మీద ఒక నల్లనువ్వు గింజ వేసింది. ఆయన మాట్లాడుతూనే గోటితో ఠపీమని దాన్ని ఎగరగొట్టాడు.

"నువ్వుగింజ కనబడ్డది గని శెనగంత రాయి కనబడలేదా ఎల్లన్నా?"

"అది... చక్కిలిగిలి పెట్టిందమ్మా!"

"ఇంటికి పో. చక్కిలిగిలికి బస్సు లేదు."

చివరి ఆదివారం అంజవ్వ వచ్చింది. చాలా ఏళ్లకు చూశాను. పక్కింటామె కొంగు పట్టుకుని గడప దాటుతుంటే, ఎంత దోస్తానో అనుకున్నాను. చాట ముందు కూర్చోగానే ఆమె వీపు నిటారైంది. వేళ్లు బియ్యం మీద కోడిపిల్లల్లా పరుగెత్తాయి. నేను ఇరవై ఎనిమిది అనేసరికి ఏడు రాళ్లూ తీసింది. ఆఖరుది అలవాటుగా పక్కకు విసిరితే చిప్పలోనే పడింది. టక్. అందరం చప్పట్లు కొట్టాం. నాయనమ్మ ముఖం చూడాల్సింది.

"చూసిన్రా, నా చేతికింద పని నేర్చిన కన్ను!" అంది.

పరీక్షకు వచ్చినవాళ్లందరి పేర్లలో అంజవ్వ పేరు అట్టడుగున రాశాను. ఆమె పోతూ పోతూ నా చెప్పులేసుకుని పోయింది. గులాబీ రంగువి, మీద సీతాకోకచిలుక ఉండేది. ఆమె నల్ల రబ్బరు చెప్పులు నాకు మిగిలాయి. నెలంతా చేసిన పరీక్షలో నేను ఏడ్చింది ఆ ఒక్కసారే.

బస్సెక్కేవాళ్ల లిస్టు తయారైంది. ఇరవై పేర్లలో పద్దెనిమిదోది మా రామేశ్వర్ తాతది. రెండే రాళ్లు తీశాడు. కంట్లో మోతిబిందు మొదలైంది నిజమే గానీ, పేపర్లో చావు వార్తలు ఇంకా అద్దాలు లేకుండానే చదివేవాడు. పట్నం ప్రయాణమని నాలుగు రోజుల ముందే బ్యాగు సర్ది, దాన్ని పక్కనే పెట్టుకుని కూర్చునేవాడు.

బస్సు రేపనగా, నా చెప్పులు నాకు కావాలని పొద్దున్నే స్కూటీ వేసుకుని చిన్నకోడూరు పోయాను. అంజవ్వ ఒక్కతే ఉంటుంది. తలుపు నెట్టాను. చలికి కిటికీ మూసి ఉంది, లోపల నా చెయ్యి నాకే కనబడలేదు. ఆ చీకట్లో చాట చప్పుడు.

"అవ్వా, లైట్ ఎయ్యవా? చీకట్ల రాళ్లెట్ల కనబడతయి?"

"కనబడుడేంది బిడ్డా? వేళ్లకు తెలుస్తయి గద."

లైటు వేశాను. ఆమె తల లైటువైపు తిరగలేదు. మోచేతి నుంచి మణికట్టు దాకా పాత చీర గుడ్డ చుట్టి ఉంది. పొయ్యి మంట ఎక్కడుందో తెలియక చెయ్యి పెట్టిందట. గడప పక్కన నా గులాబీ చెప్పులున్నాయి. వేళ్లకున్న తెలివి కాళ్లకు లేదు. అప్పటిగ్గానీ నా మట్టిబుర్రకు వెలగలేదు. వాటిని ముట్టుకోకుండానే ఇంటికి వచ్చాను.

నేను చెప్పింది విని నాయనమ్మ చాటలో బియ్యం, ఏడు రాళ్లు వేసింది. చాట ఒళ్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. నన్ను లెక్కపెట్టమంది. నలభై ఒకటి అనేలోపు ఏడు రాళ్లూ తీసింది, ఒక్కసారి కూడా కళ్లు తెరవకుండా. తర్వాత లిస్టు తెమ్మంది.

"మొగోళ్లెందరు?"

లెక్కపెట్టాను. పదిహేడు మంది.

"జన్మల చాట పట్టనోడు కన్నున్నా ఏరలేడు. జన్మంత చాట పట్టిన ఆడిది గుడ్డిదైనా ఏరుతది. నేను చూసింది కండ్లను గాదే పోరీ, చేతులను." పేర్ల మీద వేలు పెట్టి, "అంత లిస్టులనే ఉన్నది గద. ఒక్కసారన్న చూసుకోలే" అంది.

సుధాకర్ తాత మొదట ఒప్పుకోలేదు. "లిస్టు అందరి ముందు సదివిన వదినె. ఇప్పుడు మారుస్తె జనం ఏమంటరు?"

"తప్పు చేసిన్రంటరు. చేసినం గద."

ఆ రోజంతా ఫోన్లు చేశాను. లిస్టులో లేని ఆడవాళ్లలో పద్నాలుగు మంది దొరికారు. మర్నాడు ఏడింటికే లిస్టులోని ఇరవై మందీ, ఈ పద్నాలుగు మందీ బస్సు ఆగే సంఘం హాలు ముందుకు వచ్చారు. నాయనమ్మ పదడుగుల దూరంలో నిలబడి చెయ్యెత్తింది. ఒక కన్ను మూయించి ఎన్ని వేళ్లు అంది. రెండో కన్ను మూయించి మళ్లీ అడిగింది. చెప్పలేనివాళ్ల దగ్గరికి ఒక్కో అడుగు వేస్తూ పోయింది. ఎన్నడుగుల దగ్గర కనబడిందో నేను రాశాను. అంజవ్వ ముందు ముఖానికి జానెడు దూరం వచ్చి నిలబడినా అంజవ్వ, "చెయ్యెత్తినవా షావుకారమ్మా?" అనే అడిగింది.

నాయనమ్మ ఎత్తిన చెయ్యి దించలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏడు పేర్లు మారాయి. లిస్టులోంచి పోయిన ఏడుగురూ మగవాళ్లే. ఇద్దరు సంఘం మీద కేసేస్తామన్నారు. నాయనమ్మ మొదట కొట్టేసిన పేరు తాతది.

"నా బ్యాగు సర్దుకున్న గదనే!" అన్నాడు తాత, చిన్నపిల్లాడి గొంతుతో.

"సర్దుకుంటె మంచిగైంది. నీ గుడ్డలు తీసి అది అంజవ్వకియ్యి. ఆమెకు బ్యాగు లేదు."

తాత అక్కడే మెట్ల మీద కూర్చుని పంచెలు, తువ్వాలు ఒక్కొక్కటే తీశాడు. ఖాళీ బ్యాగు తనే మోసి అంజవ్వను బస్సెక్కించాడు. ఇంటికొచ్చి రెండు రోజులు నాయనమ్మతో మాట్లాడలేదు. మూడో రోజు పేపర్లో ఎవరో తెలిసినవాళ్ల చావు వార్త కనబడేసరికి చెప్పకుండా ఉండలేకపోయాడు. మరుసటి సంవత్సరం వేళ్ల పరీక్షలో ఆయనకు పదిహేడో నంబరు వచ్చింది. పదో తరగతి పరీక్షల్లో ఫస్టు వచ్చినవాడిలా బజారంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు తాత లేడు. పేపరు వస్తూనే ఉంది, చావు వార్తలు గట్టిగా చదివేవాళ్లే లేరు.

ఆ ఏడు బస్సెక్కిపోయిన వారానికి అంజవ్వ నల్లద్దాలతో దుకాణానికి వచ్చింది. అద్దాలు కొంచెం పైకెత్తి నన్ను కిందికీ మీదికీ చూసింది.

"నువ్వేనా? గింత లావైనవేందే!" ఆమె చూపు నా కాళ్ల మీదికి పోయింది. "గవి నా చెప్పులు గావా?" తర్వాత తన కాళ్లు చూసుకుంది. "థూ! గీ గులాబి చెప్పులేస్కోని ఊరంత తిరిగిన్నా!"

నాయనమ్మా, అంజవ్వా, నేనూ ముగ్గురం వెనక గదిలో గోనెసంచుల మీద కూలబడి నవ్వాం. ఆ వెనక గది అలా నవ్వింది అదే ఆఖరు. ఇప్పుడు అక్కడ కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఉంది.

మొన్న ఇదంతా రాసి నాయనమ్మకు చదివి వినిపించాను. చింతపండు గింజలు తీస్తూ విన్నది. యముడి దగ్గర నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. ఎట్లుందే అని అడిగాను.

"అంజవ్వ ఏడు రాళ్లు తీసినంక, చెవుల దగ్గరికొచ్చి 'నాకు మసక షావుకారమ్మా' అన్నది. 'నకరాలు జేయకు, లే' అన్న నేను. నువ్వు పక్కనే ఉన్నవు, ఇన్నవు. గదెందుకు రాయలేదే? గది రాయి. రాసినంక ఆ యముని ముచ్చట కొట్టేసి, వచ్చి గింజలు తియ్యి."