గోడ పక్కన జామచెట్టు

యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్నాక మొదట జామమొక్క నాటాను, గోడ పక్కనే. బన్సీలాల్‌పేట్‌లో నా చిన్నప్పటి జామచెట్టు కూడా గోడ పక్కనే ఉండేది. సగం కొమ్మలు పక్కింటి ముస్లింల పెరట్లోకి వంగేవి. తొలికాపు వాళ్ళకు పంపాకే అమ్మ మా చేతికి ఒక కాయ ఇచ్చేది. వాళ్ళ మామిడి తొలికాపు కూడా అలాగే మా ఇంటికి వచ్చేది.

రజాకార్ల గొడవలు ముదిరిన రోజుల్లో నాయిన ఒక పొద్దున గొడ్డలి తీశాడు.

"కొమ్మలు పట్టుకొని గిటు దిగుతరు" అన్నాడు.

పిందెలతో సహా చెట్టు కూలింది. నేను ఏడ్చినందుకు నాకే రెండు దెబ్బలు పడ్డాయి.

పోలీసు చర్య జరిగింది. మిలిటరీ వచ్చింది. కొన్నాళ్ళకు గోడ అవతల గొడ్డలి చప్పుడు వినబడింది. ఈసారి వాళ్ళు మాకు భయపడి మామిడిచెట్టు కొట్టేసుకుంటున్నారు. ఏం దిగారు, ఎవరు దిగారు? అటు మనిషి ఇటు రాలేదు, ఇటు మనిషి అటు పోలేదు. తొలికాపు మాత్రం ఆగిపోయింది.

నిన్న మొక్కకు నీళ్ళు పోస్తుంటే నా కొడుకు వచ్చాడు.

"గోడకు జెర దూరం పెట్టు నాయినా. పెద్దగైతే కొమ్మ పట్టుకొని ఎవడన్న లోపలికి దిగుతడు" అన్నాడు.

ఆ గోడ అవతల ఎవరుంటారో వాడికి తెలియను కూడా తెలియదు.